రాష్ట్రపతి ఎన్నికలో పల్లె తూకము

వికారాబాదు జిల్లాలోని దోమ గ్రామవాసి రాష్ట్రపతి ఎన్నికలో స్వయముగా ఓటు వేయడు. అతని తరఫున పరిగి శాసనసభ్యుడు వేయును. 2022 ఎన్నికలో ఆ సభ్యుని ఓటు విలువ 132. ఆంధ్రప్రదేశ్ సభ్యునిది 159, ఉత్తరప్రదేశ్ సభ్యునిది 208. సిక్కిం సభ్యునిది 7 మాత్రమే. రాష్ట్ర జనాభాను ఎన్నికైన శాసనసభ్యుల సంఖ్యచే భాగించి, వచ్చినదానిని మరల వేయిచే భాగించగా ఈ అంకె తేలును.

అమెరికాలో త్రాసు వేరొక వైపునకు మొగ్గును. పశువుల బీళ్లు మెండుగాను, జనము పలుచగాను ఉన్న వయోమింగ్‌లో 2020 లెక్క ప్రకారము 5,76,851 మంది కలరు. అధ్యక్షుని ఎన్నుకొను ప్రతినిధులు వారికి ముగ్గురు. అనగా ఇంచుమించు 1,92,000 మందికొకరు. కాలిఫోర్నియాలో 7,32,000 మందికి గాని ఒకరు లేరు. అయినను ఈ బరువు వయోమింగ్‌కు అంతగా అక్కరకు వచ్చినట్లు తోచదు. 1964లో జాన్సన్‌ను బలపరచిన పిదప ఆ రాష్ట్రము ప్రతి పర్యాయము రిపబ్లికనులనే ఎంచుకొన్నది. ఫలితము ముందే తెలిసిన చోటికి అభ్యర్థులు ఏల పోవుదురు?

మన తూకము గట్టి పరీక్షకు నిలిచినది 1969 ఆగస్టులో. ప్రధాన ప్రత్యర్థులిద్దరును తెలుగువారే: వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. తొలి లెక్కలో ఎవరికిని చాలినన్ని రాలేదు. రెండవ ప్రాధాన్యములు కలుపగా గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 వచ్చినవి. భేదము 14,650. ఒక్క పెద్ద రాష్ట్రమున నూరుగురు శాసనసభ్యులు గిరిని విడిచి రెడ్డి వైపు వచ్చినను ఫలితము తలక్రిందులయ్యెడిది.

పరిగి సభ్యుని 132 మాత్రము 1971 జనాభానుండి వచ్చినదే. 1976 రాజ్యాంగ సవరణ ఆ లెక్కను నిలిపివేసినది. 2026 తరువాతి జనగణన వెలువడువరకు అది మారదు. 1971 పిదప దోమలో పుట్టినవారెవ్వరును అందు చేరలేదు.