చదివింపులు, మేర, మధ్యలో మనం

మన పెళ్ళిళ్ళలో ఓ మూల బల్లేసుకుని, పుస్తకం ముందు పెట్టుకుని ఒకాయన కూర్చుంటాడు చూడండీ... నా దృష్టిలో పురోహితుడి తర్వాత అంత ముఖ్యమైన మనిషి ఇంకొకడు ఉండడు. ఫలానా ఊరు, ఫలానా వారు, 116 రూపాయలు. పూర్వం ఈ పద్దుని నలుగురికీ వినపడేలా గట్టిగా చదివేవారు. చదివింపులు అన్న మాటలోనే ఉంది ఆ సంగతి. పెళ్ళయ్యాక ఆ పుస్తకం బీరువాలోకి వెళ్తుంది. పదేళ్ళ తర్వాత అవతలివాళ్ళింట్లో పెళ్ళొస్తే మళ్ళీ బయటికొస్తుంది. 116కి సరిగ్గా 116 ఇచ్చేస్తే లెక్క తీరిపోయినట్టే, దాంతో పాటు చుట్టరికమూ తీరిపోయినట్టే. అందుకే కాస్త ఎక్కువ పెడతారు. ఇప్పుడు బాకీ అటువైపు మారిందన్నమాట :)

ఫ్రాన్సులో మార్సెల్ మోస్ అనే ఆయన 1925లో ఇదే విషయాన్ని సిద్ధాంతంగా రాశాడు. కానుక ఊరికే రాదు, ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగివ్వాలి, ఈ మూడూ తప్పనిసరి అన్నాడు. అంతకు మూడేళ్ళ ముందే మాలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల 'కులా' గురించి రాశాడు. అక్కడ గవ్వల దండలు ఒక దిక్కుగానూ, గవ్వల కంకణాలు దానికి ఎదురు దిక్కుగానూ దీవి నుంచి దీవికి తిరుగుతూ ఉంటాయి. ఎవరూ శాశ్వతంగా దాచుకోరు. వాటి విలువంతా స్నేహాన్ని కదిలిస్తూ ఉండడంలోనే ఉంది. కెనడా ప్రభుత్వమైతే అక్కడి ఆదివాసుల కానుకల పండుగ 'పాట్లాచ్'ని 1885 నుంచి 1951 దాకా చట్టం పెట్టి మరీ నిషేధించింది. కూడబెట్టుకోకుండా పంచిపెట్టేవాళ్ళంటే దొరలకి అంత కంగారు!

సరే, అంత దూరం ఎందుకు? మండపేటలో బస్సెక్కితే రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం వెళ్ళొచ్చు. భీమేశ్వరాలయంలో రాళ్ళ నిండా 11, 12 శతాబ్దాల నాటి దానశాసనాలే. వాటిల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే సంగతి ఒకటుంది. ఒక దాత దేవుడికి అఖండదీపం పెట్టిస్తాడు. దానికోసం యాభై గొర్రెల్ని ఒక బోయకి అప్పగిస్తారు. అతను రోజూ మానెడు నెయ్యి గుడికి పొయ్యాలి. అతను పోయాక కొడుకులు, ఆ తర్వాత మనవలు, అలా సూర్యచంద్రులున్నంత కాలం. పుణ్యం దాతది, దీపం దేవుడిది, పని మాత్రం బోయది, వాళ్ళ వంశానిది. కానుక ఇచ్చింది ఒకరు, చాకిరీతో దాన్ని బతికించింది ఇంకొకరు. ప్రొడక్షన్ సపోర్టు చేసేవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఊళ్ళల్లో 'మేర' కూడా ఇలాంటిదే. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి ఏడాది పొడుగునా పని చేస్తారు. రోజు కూలి ఉండదు. కోతలయ్యాక కళ్ళంలో ధాన్యం కొలిచి ఇస్తారు. పండక్కీ పబ్బానికీ పాత బట్టలు, కూరా అన్నం అదనం. "ఆ రోజుల్లో డబ్బు లేకపోయినా ఆప్యాయతలు ఉండేవి" అని పెద్దవాళ్ళు అంటుంటారే, ఆ రోజులు ఇవే. ఉత్తరాదిలో దీన్ని జజ్మానీ అంటారు. 1936లో విలియం వైజర్ దీనిమీద పుస్తకం రాసి, ఒకరికొకరు సేవ చేసుకునే పద్ధతిగా చూపించాడు. 1959లో బైడెల్మన్ అనే ఆయన దాన్ని ఖండించాడు. భూమి ఎవరి చేతిలో ఉందో చూడకుండా పరస్పరం అంటే ఎలా అని.

నాకూ అదే న్యాయం అనిపిస్తుంది. చదివింపుల్లో నేను మీకు పెడతాను, రేపు మీరు నాకు పెడతారు. మేరలో కుంచం ఎప్పుడూ ఒక చేతిలోనే ఉంటుంది. చాకలామె ఇచ్చిన పాత చీర రైతు భార్య ఎప్పుడైనా పుచ్చుకుందా? అటునుంచి ఇటు ఎన్నటికీ తిరిగిరాని కానుక మనుషుల్ని కలపదు. ఎవరు పైనో, ఎవరు కిందో ఏటేటా గుర్తుచేస్తుంది, అంతే.

మండపేట పక్కనే తాపేశ్వరం. మడత కాజాలకి ఎంత పేరో, పెళ్ళి సారెకీ అంతే. కొత్త కోడలితో వచ్చిన సారె వీధంతా పంచుతారు. ఎవరింటికి ఎన్ని వెళ్ళాయి, ఎవరిని ఇంట్లోకి పిలిచి పెట్టారు, ఎవరికి గుమ్మం బయటే ఇచ్చారు... ఇవన్నీ రాసుకుంటే ఆ ఊరి పటం గీసెయ్యొచ్చు, సర్వేయరు అక్కర్లేదు.

మేర పోయి కూలి డబ్బులొచ్చాక కొంత పాత ముచ్చట పోయిన మాట నిజమే. కానీ "ఈ ఊళ్ళో కాకపోతే ఇంకో ఊళ్ళో చేసుకుంటాను" అనగలిగే స్వేచ్ఛ కూడా ఆ డబ్బుతోనే వచ్చింది. అది తక్కువ విషయం కాదు.

మరి మనం ఆ పాత అలవాటు వదిలేశామా? హైదరాబాదులో, బెంగళూరులో మన అపార్టుమెంట్ల సంగతే చూడండి. పనమ్మాయి జీతం ఐదొందలు పెంచమంటే మొహం ముడుచుకుంటాం, పండక్కి మాత్రం చీర పెట్టి "మా ఇంట్లో మనిషే" అంటాం. కంపెనీ దీపావళికి డ్రైఫ్రూట్స్ డబ్బా ఇచ్చి "మనమంతా ఒకే కుటుంబం" అంటే మాత్రం వెనకాల నవ్వుకుంటాం. హైకు ఏదీ అని అడుగుతాం కదా! ఆ పనమ్మాయి కూడా మన వెనకాల అదే అడుగుతూ ఉంటుంది.

నాకు తోచింది ఇంతే. కూలిని కూలిగా ఇవ్వాలి, అదీ మొత్తంగా, ముందుగా. ఆ తర్వాత ఇచ్చేదే కానుక. తిరిగి ఆమె ఏ జామకాయలో తెచ్చి పెడితే, మొహమాటపడకుండా పుచ్చుకోవడం కూడా మనం నేర్చుకోవాలి.

మీ వైపు మేరని ఏమంటారు? ఇంకా ఎక్కడైనా నడుస్తోందా?