విస్కీ కంపెనీ అమ్మిన వీడియో గేమ్

1995లో మనదేశంలో సెగా మెగా డ్రైవ్ వీడియో గేమును అమ్మింది షా వాలెస్ కంపెనీ. రాయల్ చాలెంజ్ విస్కీ, హేవర్డ్స్ 5000 బీరు అమ్మిన షా వాలెసే. జపాన్‌లో పుట్టి, సోనిక్ అనే నీలిరంగు ముళ్ళపందిని వెంటబెట్టుకుని అమెరికాలో పోటీ కంపెనీ నింటెండోతో ఢీ అంటే ఢీ అన్న యంత్రం, మన దగ్గరికి వచ్చేసరికి ఒక మద్యం కంపెనీ చేతుల మీదుగా దిగింది. ఈ ముక్క కంటపడినప్పటి నుంచి నా మనసు వేరే పని మీద నిలవలేదు.

సెగా ఇలా మద్యం కంపెనీ ద్వారా రావడానికి కారణం సుంకం. అప్పట్లో ఈ సరుకు మీద దిగుమతి సుంకం 80 శాతం. ఆ భారం తప్పించుకోవడానికి సెగా ఇక్కడి కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంది. షా వాలెస్ అప్పటికి మను ఛాబ్రియా చేతిలో ఉంది. ఆయన దుబాయిలో జంబో ఎలక్ట్రానిక్స్ పెట్టి, సోనీ సరుకు అమ్మి పైకొచ్చిన వ్యాపారి కాబట్టి ఈ బేరం ఆయనకు కొత్తేమీ కాదు. ఇంతా చేస్తే మెగా డ్రైవ్ ధర 18,000 రూపాయలు పలికింది. ఆ ఏడాది పది గ్రాముల బంగారం సుమారు 4,700. అంటే ఆట యంత్రం ఒక్కటి దాదాపు 38 గ్రాముల బంగారంతో సమానం. మా వైపు శిడ్లఘట్టలో పట్టుగూళ్ళు అమ్ముకుని బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్న ఇంట్లో, పిల్లవాడి ఆటకు అంత సొమ్ము ఎవరు తీస్తారు?

ఈ కథకు ప్రపంచమంతా చుట్టాలున్నారు. కొరియాలో సెగా యంత్రాల్ని అమ్మింది శాంసంగ్. దానికి పోటీగా నింటెండో యంత్రాన్ని 'కాంబాయ్' పేరుతో అమ్మింది, ఇవాళ మన రోడ్ల మీద ఏ మూల చూసినా కార్లు కనిపించే హ్యుండాయ్. బ్రెజిల్‌లో టెక్‌టాయ్ కంపెనీ సెగా యంత్రాల్ని అక్కడే తయారుచేసి, మిగతా ప్రపంచం సెగాను మరిచిపోయాక కూడా అమ్ముతూనే వచ్చింది. రష్యాలో 1992 చివర స్టీప్లర్ అనే కంపెనీ 'డెండీ' అన్న పేరుతో ఒక నకలు యంత్రాన్ని దించితే, అక్కడ ఒక తరానికి వీడియో గేమ్ అంటే డెండీయే అయిపోయింది. నింటెండో పేరు వాళ్ళు తర్వాతెప్పుడో విన్నారు.

మన కథ రష్యా కథకు దగ్గరిది: మనకూ చేతికి దొరికింది నకలే.

కర్ణాటకలోని మా చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి అప్పటికింకా కోలారు జిల్లా తాలూకాలు. చిక్కబళ్ళాపురం జిల్లా వేరుపడింది 2007లో. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. అంగడికి సరుకు కావాలంటే బెంగళూరు బస్సెక్కి మెజెస్టిక్‌లో దిగడమే. అక్కడికి దగ్గర్లోనే నేషనల్ మార్కెట్. వాచీలు, టేప్ రికార్డర్లు, కాలిక్యులేటర్ల మధ్య ఆ ఇరుకు అంగళ్ళలో ఎర్రటి తెల్లటి ప్లాస్టిక్ పెట్టెలు వేలాడేవి. కొన్నింటి మీద పేరుండేది, కొన్నింటి మీద ఉండేది కాదు. నింటెండో యంత్రాన్ని మనదేశంలో 'సమురాయ్' పేరుతో అమ్మారు. దాని తర్వాత 'లిటిల్ మాస్టర్', 'విజ్ కిడ్' లాంటి పేర్లతో నకళ్ళు వచ్చాయి. మా వైపు వీటన్నింటికీ ఒకటే పేరు: టీవీ గేమ్.

నకలు తీయడం అంత సులువు ఎలా అయిందో చెప్పాలి, నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మసయుకి ఉయెమురా అనే ఇంజనీరు తీర్చిదిద్దిన ఫామికామ్‌ను నింటెండో జపాన్‌లో 1983 జూలై 15న 14,800 యెన్లకు విడుదల చేసింది. రెండేళ్ళకు దాన్నే ఎన్ఈఎస్ అన్న పేరుతో అమెరికాకు పంపినప్పుడు, లోపల ఒక తాళం చిప్పు పెట్టింది. నింటెండో అనుమతి లేని క్యాసెట్టు అందులో నడవదు. జపాన్ యంత్రంలో ఆ తాళం లేదు. అమెరికా క్యాసెట్టుకు 72 పళ్ళు, జపాన్ క్యాసెట్టుకు 60. తైవాన్ వాళ్ళు తాళం లేని ఆ 60 పళ్ళ యంత్రాన్నే పట్టుకున్నారు. అక్కడి చిప్పుల కంపెనీలు లోపలి చిప్పుల్ని నకలు తీశాయి. కొన్నేళ్ళకు మొత్తం యంత్రం ఒకే చిప్పులోకి ఇమిడిపోయింది, ధర దిగింది. ఆ చిప్పుతో ఎవరైనా పెట్టె బిగించవచ్చు, ఏ పేరైనా అతికించవచ్చు.

అందువల్ల జరిగిన విచిత్రం చూడండి. 'బ్యాటిల్ సిటీ' అనే ట్యాంకుల ఆట నామ్‌కో కంపెనీ 1985లో జపాన్‌లో ఫామికామ్ కోసం తెచ్చింది. అమెరికాలో దాన్ని ఆ రోజుల్లో అమ్మనేలేదు. న్యూయార్కులో అసలు ఎన్ఈఎస్ ఉన్న పిల్లవాడికి అంగట్లో దొరకని ఆట, బాగేపల్లి బస్టాండు పక్కన గంటకు ఇంత అని ఆడించే గదిలో పొద్దంతా నడిచింది. ఆ గదుల్లో జనం మోజు పడింది దీని మీదే. తెర అడుగున గద్ద బొమ్మ, చుట్టూ ఇటుకల గోడ. పై నుంచి శత్రు ట్యాంకులు ఒకటొకటిగా దిగుతాయి. పార బొమ్మ దొరికితే గద్ద చుట్టూ ఉన్న ఇటుకలు కాసేపు ఇనుపగోడగా మారతాయి. ఇద్దరు ఆడితే ఒకడు గద్దకు కాపలా, ఒకడు ముందుకెళ్ళి వేట. కాపలా వాడు పొరపాటున సొంత గద్దనే కాల్చేస్తే ఇద్దరి ఆటా అక్కడితో ముగుస్తుంది, తగవు మొదలవుతుంది. ఆ ఆటలోనే మనకు మనం మైదానం కట్టుకునే ఏర్పాటు కూడా ఉండేది: ఇక్కడ నీళ్ళు, ఇక్కడ చెట్లు, ఇక్కడ ఇనుము. కోనామి వాళ్ళ 'సర్కస్ చార్లీ' ఫామికామ్ రూపం కూడా ఇలాగే జపాన్ దాటని ఆట. మనకు మాత్రం కరతలామలకం.

క్యాసెట్టు మీద '64 ఆటలు' అని ఉంటే నిజంగా ఉండేవి పది పన్నెండే. అదే ఆటను మూడో అంచె నుంచి, ఐదో అంచె నుంచి మొదలెట్టి వేరే పేరుతో లెక్కలో కలిపేవాళ్ళు. పెట్టెను టీవీకి తగిలించడం ఇంకో తంతు. యాంటెనా తీగ పీకి ఆ రంధ్రంలో గేము తీగ పెట్టి, ఒక చానెల్ తీసుకుని దాని సన్న చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోవాలి. ముందు చుక్కల వాన, తర్వాత బుస్సుమనే రొద, తర్వాత అటూ ఇటూ సాగే రంగుల గీతలు, ఉన్నట్టుండి స్థిరంగా మారియో. కరెంటు పోయి వచ్చిందంటే మళ్ళీ మొదటి నుంచి ఆడాల్సిందే. ఆ క్యాసెట్లలో ఆటను దాచుకునే వీలు లేదు. క్యాసెట్టు నడవకపోతే అందరూ దాని పళ్ళ మీద నోటితో ఊదేవాళ్ళు, అది మంచిది కాదని ఎవరికీ తెలియదు. ఊపిరి తడికి ఆ లోహం ఇంకాస్త పాడవుతుంది. నిజానికి పని చేసింది ఊదడం కాదు, తీసి మళ్ళీ పెట్టడం.

ఇప్పుడు అమ్మకాల లెక్క తీద్దాం. ప్రపంచమంతటా నింటెండో అమ్మిన ఎన్ఈఎస్, ఫామికామ్ యంత్రాలు 6.19 కోట్లు. సెగా మెగా డ్రైవ్ సుమారు 3 కోట్లు. ఇంగ్లీషు పుస్తకాలన్నీ ఈ రెంటి పోటీనే మహాభారతంలా రాస్తాయి. నాకు దాని మీద పట్టరాని అసంతృప్తి ఉంది. ఆ 6.19 కోట్లలో తైవాన్ చిప్పుతో చింతామణి చేరిన నకలు పెట్టె ఒక్కటీ లేదు. ఎవరూ లెక్క కట్టలేదు, రసీదు ఇవ్వలేదు. మన ఊళ్ళలో గెలుపును తేల్చింది ఎవరు ఎక్కువ అమ్మారన్నది కాదు, ఏది చేతికి దొరికిందన్నది. దొరికినది నకలు కాబట్టి చరిత్రలో దానికి చోటు లేకుండా పోయింది. ఊరికొక రేడియో మెకానిక్ ఆ పెట్టెలు విప్పి, తెగిన రిమోట్ తీగకు టంకం పెట్టి, కాలిన అడాప్టర్ మార్చి వాటి ప్రాణం నిలిపాడు. ఆ విద్య కూడా ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. సోనీ ప్లేస్టేషన్ 2 మనదేశానికి అధికారికంగా 2002 చివర్లో వచ్చింది. ప్రపంచంలో అది 16 కోట్లు దాటి అమ్ముడైంది, ఇంకే గేమ్ యంత్రమూ దాన్ని అంతకుముందు అందుకోలేదు. మనవాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన ఘట్టం 2009లో వచ్చింది: హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' ఆటను ప్లేస్టేషన్ 2 కోసం తయారుచేసింది. ఈ యంత్రం కోసం పూర్తిగా మనదేశంలో రూపుదిద్దుకున్న తొలి ఆట అది. అదే ఏడాది హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర వాళ్ళు 'దేశీ అడ్డా' చేశారు. అందులో కబడ్డీ ఉంది. జనం ఈ ప్రయత్నాల్ని పట్టించుకోలేదు, అది మన నష్టం.

వాటికి ముందే ఎక్స్‌బాక్స్ 360 వచ్చింది 2006లో, ప్లేస్టేషన్ 3 వచ్చింది 2007లో 39,990 రూపాయల ధరతో. 2020 నవంబరులో అమెరికా, జపాన్‌లలో విడుదలైన ప్లేస్టేషన్ 5, మనకు 2021 ఫిబ్రవరి 2న అందింది. అప్పటి ధర 49,990. ముందస్తు బుకింగు తెరిచిన నిమిషాల్లో సరుకు అయిపోయింది. అప్పటికి పాతికేళ్ళ కిందటి షా వాలెస్ కథే ఇది: యంత్రం ఉంది, ధర ఉంది, మనదాకా రాదు. ఈలోగా జియో వచ్చి, ఆటలు ఫోనులోకి దిగిపోయాయి. ఒకే బల్ల మీద భుజం భుజం రాసుకుంటూ ఇద్దరు ఆడే ఆట పోయింది. పోయినవాటిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

ఇక నా మనవి. చిక్కబళ్ళాపురంలో, బాగేపల్లిలో, చింతామణిలో, గౌరిబిదనూరులో మీ అటక మీద సమురాయ్ గానీ, పేరులేని ఎర్రపెట్టె గానీ, మసిబారిన క్యాసెట్టు గానీ ఉంటే గుజిరీ అంగడికి వేయకండి. ఎప్పుడు కొన్నారు, ఏ అంగట్లో కొన్నారు, ఎంతకు కొన్నారు అన్నది ఒక చీటీ మీద రాసి ఆ పెట్టెకే అతికించి ఉంచండి. కొన్న రసీదు ఎటూ లేదు కాబట్టి, ఈ యంత్రాలు మన ఊళ్ళకు వచ్చాయనడానికి ఆ చీటీయే ఆధారం.