అంబాసిడర్ సీటు కింద ఏం దొరికింది? పాత కారు చరిత్ర ఏ కాగితంలో ఉంటుంది?

ఈ రోజు కథ నాచారంలో ఒక డెంటింగ్ షెడ్డులో మొదలవుతుంది. అక్కడ మా తాతయ్య అంబాసిడర్ ఉంది. 1974 మోడల్, మార్క్ 2. నాలుగేళ్లుగా కదల్లేదు. తాతయ్య పోయారు, ఆర్‌సీ బుక్ ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలీదు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "తుక్కుకి ఇచ్చేయ్‌రా, జాగా అయినా ఖాళీ అవుతుంది."

నేనూ ఇచ్చేద్దామనే అనుకున్నా. అప్పుడే ఫోన్‌లో ఒక వీడియో కనిపించింది. అమెరికాలో ఒకాయన 1970 నాటి కారు వెనక సీటు ఊడదీశాడు. స్ప్రింగుల మధ్య నుంచి ఒక చిరుగుల కాగితం తీసి, లాటరీ తగిలినట్టు ఎగురుతున్నాడు. ఏముంది ఆ కాగితంలో?

దాన్ని బిల్డ్ షీట్ అంటారు. 1960లు, 70ల్లో డెట్రాయిట్ కంపెనీల ఫ్యాక్టరీల్లో ఒకే లైన్ మీద రకరకాల కార్లు వరసగా వచ్చేవి. ఒకదానికి పెద్ద ఇంజిన్, పక్కదానికి చిన్నది. ఒకదానికి ఎర్ర సీట్లు, ఇంకోదానికి నల్లవి. ఏ కారుకి ఏం బిగించాలో పనివాళ్లకి చెప్పడానికి ఒక షీట్ ప్రింట్ అయ్యేది. అది కస్టమర్ కోసం కాదు. పని అయ్యాక దాంతో అవసరం లేదు. కొన్ని షీట్లు సీటు స్ప్రింగుల్లో, కార్పెట్ కింద, పెట్రోల్ ట్యాంక్ పైన అలాగే ఉండిపోయాయి. 1967 నుంచి కార్వెట్ కార్లకైతే ఆ షీట్‌ని ట్యాంక్ పైనే అతికించేవాళ్లు.

ఇప్పుడు దానికంత విలువ ఎందుకంటే, ఉదాహరణకి 1970 షెవెల్ ఎస్‌ఎస్ తీసుకోండి. దాంట్లో 450 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న వెర్షన్ ఒకటి ఉంది. కానీ కారు మీద కొట్టిన సీరియల్ నంబర్ చూస్తే వీ8 ఇంజిన్ అని మాత్రమే తెలుస్తుంది. అది ఎస్‌ఎస్ అవునో కాదో కూడా తెలీదు. మామూలు కారుకి ఎస్‌ఎస్ బ్యాడ్జీలు తగిలించి అమ్మేస్తే ఎలా పట్టుకుంటారు? ఫోర్డ్ వాళ్ల 1967 తర్వాతి రికార్డులు ఉన్నాయి, డబ్బు కడితే రిపోర్ట్ వస్తుంది. షెవర్లేకి అమెరికాలో అలాంటి రికార్డులు ఆ కాలానివి చాలావరకు మిగల్లేదు. అందుకే ఎలుకలు కొరికిన ఆ కాగితమే సాక్ష్యం. ఒక్కోసారి లైన్‌లో పక్క కారు షీట్ మీ కారులో దొరుకుతుంది కూడా. కాబట్టి దొరకగానే సంబరపడకూడదు, ముందు నంబర్లు కలుస్తున్నాయో లేదో చూడాలి.

సరే, నేనూ స్క్రూడ్రైవర్ పట్టుకుని షెడ్డుకి వెళ్లా. షెడ్డు చాచా చూసి నవ్వాడు. "ఏం దేవులాడుతున్నవ్ బేటా? బంగారం పెట్టిండా మీ తాత?"

వెనక సీటు లేపాం. చిల్లర పైసలు, ఒక హెయిర్‌పిన్, మట్టి. కార్పెట్ కింద తుప్పు. గ్లౌ బాక్స్ వెనక ఎలుక గూడు. డోర్ ప్యాడ్ల వెనక ఏమీ లేదు. ఫ్యాక్టరీ కాగితం ముక్క కూడా లేదు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. అంబాసిడర్‌లో షీట్ పెట్టి చెప్పాల్సినంత తేడాలు ఏమున్నాయి? కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ దీన్ని ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్ మీద తయారుచేసింది. 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా నడిపింది. మార్క్ 2 అంటే 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. కొనేవాడు ఇంజిన్ ఎంచుకునే రోజులు కావవి, బండి దొరికితే చాలు అనుకునే రోజులు. పైగా మన దగ్గర కారు గుర్తింపు ఫ్యాక్టరీలో కాదు, ఆర్టీఏ ఆఫీసులో పుడుతుంది. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు చూడండి, అదే మన బిల్డ్ షీట్.

చాచాకి ఇదంతా చెప్తే ఆయన ఒక మాట అన్నాడు: "ఎన్టీఆర్ బండికి ఏ కాగితం చూసిండ్రు జనం?"

అది నన్ను పట్టేసింది. ఎందుకంటే ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణ స్టూడియో ఉన్నది ఈ నాచారంలోనే. ఆయన చైతన్య రథం పాత షెవర్లే వ్యాన్. 1940 మోడల్ అని చెప్తారు. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ బాంబే శివ్డీలో విడిభాగాలు తెచ్చి బిగించే ఫ్యాక్టరీ నడిపేది. 1928లో మొదలై 1954లో మూతపడింది. అంటే అప్పటి షెవర్లే బండ్లకి విడిభాగాలు ఒక దేశంలో, బిగింపు ఇంకో దేశంలో. చాలా వ్యాన్లకి, లారీలకి బాడీ కట్టేది లోకల్ మేస్త్రీలే. పైగా ఎన్టీఆర్ ఆ వ్యాన్‌ని ప్రచారం కోసం మళ్లీ మార్పించారు. పైకెక్కి నిలబడి మాట్లాడేలా చేయించారు, మైకులు పెట్టించారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టారు. 1983 జనవరిలో ఎన్నికలు. ఆ తొమ్మిది నెలల్లో హరికృష్ణ స్టీరింగ్ పట్టి 75 వేల కిలోమీటర్లు తిప్పారని చెప్తారు. ఆ బండి చరిత్ర మొత్తం ఆ తొమ్మిది నెలలే. అవేవీ ఏ ఫ్యాక్టరీ కాగితంలోనూ ఉండవు.

దీనికి పూర్తి రివర్స్ కూడా మన హైదరాబాద్‌లోనే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆర్డర్ ఇచ్చి 1911లోనే చనిపోయారు. లోపల సింహాసనం లాంటి సీటు ఉన్న ఆ కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. రోల్స్ రాయిస్ పాత కార్ల చాసిస్ కార్డులు ఈ రోజుకీ ఇంగ్లండ్‌లో పాలర్స్‌పరీ అనే ఊళ్లో, ఆ కార్ల అభిమానుల క్లబ్ దగ్గర భద్రంగా ఉన్నాయి. కంపెనీ కాగితాలు అంత పద్ధతిగా ఉంటాయి. కానీ నిజాం కారు మొత్తం తిరిగింది 356 మైళ్లేనట! దాదాపు హైదరాబాద్ నుంచి తిరుపతికి ఒకసారి వెళ్లేంత దూరం.

ఇప్పుడు మా బండి దగ్గరికి వద్దాం. రెండో రోజు చాచానే ఫోన్ చేశాడు. ముందు సీటు కొబ్బరి పీచు ప్యాడ్ మారుద్దామని లేపితే కింద పాలిథిన్ కవర్ దొరికిందట. లోపల రెండు కాగితాలు. ఒకటి 1981 ఇన్సూరెన్స్ కవర్ నోట్. దాని మీద రిజిస్ట్రేషన్ నంబర్, చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, కింద తాతయ్య సంతకం. రెండోది 1986లో ఒక గ్యారేజ్ రాసిచ్చిన బిల్లు: పెట్రోల్ ఇంజిన్ దించి డీజిల్ ఇంజిన్ ఎక్కించినందుకు.

చాసిస్ నంబర్ బండితో కలిసింది. ఇంజిన్ నంబర్ కలవలేదు. ఎందుకు కలవలేదో బిల్లు చెప్తోంది.

అసలు చిక్కు ఇక్కడే. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి కొత్త రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటిన బండికి మధ్యలో 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేల ఫీజు, 10 ఏళ్లు చెల్లుతుంది. కానీ బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మాది 1974ది కాబట్టి వయసు సరిపోయింది. ఇంజిన్ సరిపోలేదు.

పాత పెట్రోల్ ఇంజిన్ ఒకటి వెతికి పెట్టిస్తే సరిపోతుందని ఒక ఫ్రెండ్ అన్నాడు. అమ్మని అడిగా, తాతయ్య ఇంజిన్ ఎందుకు మార్చారని. అమ్మ చెప్పింది: "ఉప్పల్ నుంచి గుట్టకి జనాన్ని తిప్పేవారు. పెట్రోల్‌కి పోను చేతిలో ఏం మిగిలేది కాదు. డీజిల్ పెట్టాకే మా ఇద్దరి ఫీజులు టైముకి కట్టగలిగారు."

ఇంక నేను ఇంజిన్ దించే మాట ఎత్తలేదు. వింటేజ్ నంబర్ వద్దనుకున్నా. ఆ కవర్ నోట్‌లో నంబర్లు ఉన్నాయి కాబట్టి డూప్లికేట్ ఆర్‌సీకి అప్లై చేశా. డీజిల్ మార్పు రికార్డులో ఎక్కిందో లేదో అక్కడే తేలుతుంది. ఎక్కకపోతే ఇంకో నాలుగు సార్లు తిరగాలి. తిరుగుతా.

మీ ఇంట్లో కూడా పాత కారో, లాంబ్రెటానో, బజాజ్ చేతకో మూలన పడి ఉంటే, తుక్కు బండి వచ్చే ముందు ఒక గంట కేటాయించండి. సీట్ల కింద, డిక్కీలో, టూల్ బాక్స్‌లో చూడండి. కాగితం దొరికితే లాగకండి, ముందు ఉన్నచోటే ఫోటో తీయండి. తడిగా ఉంటే విప్పకుండా నీడలో ఆరనివ్వండి. చాసిస్ నంబర్‌కి పెన్సిల్ అచ్చు తీసి పెట్టుకోండి. తర్వాత ఆ బండి నడిపిన పెద్దవాళ్లు ఉంటే, వాళ్ల పక్కన కూర్చుని ఆ కాగితం చూపించి ఫోన్‌లో రికార్డ్ ఆన్ చేయండి. మా తాతయ్య ఉన్నప్పుడు నేను ఆ పని చేయలేదు. బిల్లు మీద 1986 అని ఉంది. ఆ రోజు ఆయన ఏమనుకున్నారో అడగడానికి ఇప్పుడు ఆయన లేరు.