వెస్ట్‌పోర్ట్ పరిసర నడక దారులు

వెస్ట్‌పోర్ట్ ఐర్లండ్ పశ్చిమ తీరంలో, మేయో కౌంటీలో ఉన్న చిన్న పట్టణం. క్యారోబెగ్ నది ఊరి నడుమ రాతి గట్ల మధ్య పారి క్లూ అఖాతంలో కలుస్తుంది. హిమనదాలు వదిలిపోయిన మట్టిదిబ్బలు సగం మునిగి ఈ అఖాతం నిండా లంకలుగా మిగిలాయి. రోజుకొకటి చొప్పున 365 ఉన్నాయని స్థానికులు చెప్పుకుంటారు గానీ లెక్కపెడితే అన్ని తేలవు. పట్టణం చుట్టూ ఉన్న ప్రధాన నడక దారులు షికారు కోసం పుట్టినవి కావు. ఒకటి మూతపడిన రైలుమార్గం, ఒకటి యాత్రికుల బాట, మరొకటి కరువులో జనం కాళ్లీడ్చిన రోడ్డు.

గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే

వెస్ట్‌పోర్ట్ నుంచి న్యూపోర్ట్, ముల్‌రనీ మీదుగా అకిల్ దాకా 42 కిలోమీటర్ల దారి ఇది. మిడ్‌లాండ్ గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1890లలో వేసిన లైను 1937లో మూతపడింది. ఆ కట్ట మీదే 2010లో న్యూపోర్ట్–ముల్‌రనీ భాగం, 2011 నాటికి మొత్తం దారి తెరుచుకున్నాయి. రైలు కట్ట కాబట్టి ఎత్తుపల్లాలు తక్కువ. పిల్లలతో, సైకిళ్లతో వచ్చేవారికి అనువుగా ఉంటుంది. న్యూపోర్ట్‌లో ఏడు కమానుల ఎర్ర ఇసుకరాతి రైలు వంతెన మీద ఇప్పుడు మనుషులు నడుస్తారు.

ఈ లైనుకు ఒక జోస్యం అంటుకుని ఉంది. ఇనుప చక్రాల బండ్లు పొగ కక్కుతూ అకిల్‌కు వస్తాయనీ, మొదటిదీ చివరిదీ శవాలనే మోసుకొస్తాయనీ 17వ శతాబ్దంలో బ్రయన్ రూఅ అనే జోస్యుడు చెప్పాడట. 1894 జూన్‌లో స్కాట్లండ్‌కు కూలికి బయల్దేరిన అకిల్ యువతీ యువకుల పడవ వెస్ట్‌పోర్ట్ రేవు దగ్గర తిరగబడి 32 మంది మునిగిపోయారు. లైను ఇంకా లాంఛనంగా మొదలుకాకముందే ప్రత్యేక రైలులో వారి శవాలను ఇంటికి చేర్చారు. 1937 సెప్టెంబరులో స్కాట్లండ్‌లోని కిర్కింటిలోక్‌లో బంగాళదుంపలు తవ్వడానికి వెళ్లిన పదిమంది అకిల్ కుర్రాళ్లు నిద్రలోనే అగ్నిప్రమాదానికి బలయ్యారు. మూతపడబోతున్న లైను మీదే వారి శవపేటికలు వచ్చాయి. జోస్యానికి ఎవరు ఎప్పుడు మెరుగులు దిద్దారో గానీ, రెండు దుర్ఘటనలూ చరిత్రే.

క్రోగ్ పాట్రిక్

పట్టణానికి పడమర దిక్కున 764 మీటర్ల ఎత్తున్న శంఖాకారపు కొండ. సెయింట్ పాట్రిక్ 5వ శతాబ్దంలో దీని మీద 40 రోజులు ఉపవాసం ఉన్నాడని నమ్మకం. ఏటా జులై చివరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొందరు చెప్పుల్లేకుండానే. శిఖరం మీది చిన్న చర్చి 1905 నాటిది. మురిస్క్ గ్రామం నుంచి, అంటే దాదాపు సముద్రమట్టం నుంచే, ఎక్కుడు మొదలవుతుంది. పై భాగమంతా వదులు రాళ్లు. అడుగు వేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది, దిగేటప్పుడు మోకాళ్లకు పరీక్షే. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ చేతులతో రాళ్లు పేర్చి బాటను బాగుచేశారు. ఓపిక ఉన్నవారు 1216లో నెలకొల్పిన బాలిన్‌టబర్ మఠం నుంచి సుమారు 35 కిలోమీటర్ల టోహర్ ఫాడ్రిగ్ అనే పాత యాత్రామార్గంలో ఈ కొండకు చేరతారు. కొండ ఒక్కటే ఎక్కి వెళ్లిపోవడం కంటే ఇదే అసలైన యాత్ర.

డూలాక్ దారి

1849 మార్చి చివర్లో, మహా కరువు కాలంలో, లూయిస్‌బర్గ్‌లో సాయం కోసం ఎదురుచూస్తున్న జనాన్ని తనిఖీకి డెల్ఫీ లాడ్జి దాకా నడిచి రమ్మన్నారు. వెళ్తే ఉత్త చేతులతో తిప్పి పంపారు. తిరుగుదారిలో చలికీ ఆకలికీ పలువురు చనిపోయారు. 1988 నుంచి వారి స్మృతిలో ఏటా ఈ దారిన నడుస్తున్నారు. 1991లో డెస్మండ్ టుటు కూడా నడిచారు. డూలాక్ లోయలోని స్మారకశిల మీద, తోటివారిని అవమానించడం గురించి గాంధీ అన్న మాట చెక్కి ఉంది.

అనుమతులు, మర్యాదలు

స్కాట్లండ్‌లో ఉన్నట్టు ఎవరి భూమిలోనైనా నడిచే హక్కు ఐర్లండ్ చట్టంలో లేదు. గ్రీన్‌వే చాలాచోట్ల రైతుల అనుమతి మీదే సాగుతుంది. గుర్తించిన కొన్ని దారుల నిర్వహణకు 2008 నుంచి ప్రభుత్వం రైతులకు డబ్బు చెల్లిస్తోంది. ఎవరైనా జారిపడితే దావా తమ మెడకు చుట్టుకుంటుందని రైతులు భయపడేవారు. వినోదానికి వచ్చేవారి పట్ల భూయజమాని బాధ్యతను 1995 నాటి చట్టం తగ్గించింది. గొర్రెలు ఈనే వసంతకాలంలో కుక్కలతో రావడం రైతులకు బొత్తిగా గిట్టదు. చాలా దారుల్లో కుక్కలకు ఏడాది పొడవునా ప్రవేశం లేదు. దారిలో గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే దాటాక మళ్లీ మూసే వెళ్లాలి.