కార్బెట్ తుపాకీ ముందు మ్యాగ్నమ్ గొప్పేమిటి?

చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. 1907లో దాన్ని చంపినందుకు యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూవెట్ వేటగాడు జిమ్ కార్బెట్‌కు ఒక రైఫిల్ బహూకరించాడు. లండన్‌లో రిగ్బీ కంపెనీ చేసిన .275 అది. మడమకు వెండి రేకు తాపడం చేసి, ఎవరు ఎవరికి ఎందుకిచ్చారో దాని మీద చెక్కించారు.

దాని తూటా చూస్తే ఈ కాలపు వేటగాడు పెదవి విరుస్తాడు. గుండు లావు 7 మిల్లీమీటర్లు, బరువు 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. జర్మనీలో పాల్ మౌజర్ 1892లో సైన్యాల కోసం తయారు చేసిన తూటాకే రిగ్బీవాళ్లు తమ పేరు తగిలించుకున్నారు. రుద్రప్రయాగలో మనుషుల్ని తిన్న చిరుత పని పట్టింది ఈ తుపాకీయే. 1926 మే మొదట్లో కార్బెట్ రాత్రిపూట మామిడిచెట్టెక్కి కూర్చున్నాడు. కింద కట్టేసిన మేక మెడలో గంట మోగింది. టార్చి వెలిగించి, ఒక్కసారి పేల్చాడు. ఆ దూరంలో గుండు ఎంత వేగంగా వెళ్లిందన్నది ఎవరికి కావాలి?

ఆఫ్రికాలో స్కాట్లాండ్ వేటగాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ ఇదే 7 మిల్లీమీటర్ల తూటాతో వందల ఏనుగుల్ని కూల్చాడు. ఏనుగు పుర్రెను రంపంతో నిలువునా కోసి, మెదడు ఎక్కడ, ఎంత లోతులో ఉంటుందో గుర్తు పెట్టుకున్నాడు. దంతాల కోసం సాగిన ఆ మారణకాండలో మెచ్చుకోవలసింది ఏమీ లేదు. కానీ తూటా చాలలేదని మాత్రం ఎవరూ అనలేరు.

ఇక మ్యాగ్నమ్ సంగతి, అంటే ఎక్కువ మందు పట్టే తూటా సంగతి. 1962లో రెమింగ్టన్ కంపెనీ 7 ఎంఎం మ్యాగ్నమ్ తెచ్చింది. గుండు లావు మారలేదు, వెనక మందు మాత్రం దాదాపు మూడో వంతు పెరిగింది. పాతది సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో పోతే కొత్తది 3,100 దాటింది. రెండింటికీ 200 గజాలకు గురి సరిచేసి 300 గజాల దగ్గర చూస్తే, గుండు కిందికి దిగడంలో తేడా రెండు మూడు అంగుళాలే. ఆ అంగుళాల కోసం భుజం మీద ఒకటిన్నర రెట్ల తన్ను భరించాలి. ఆ తన్నుకు జడిసి మీట నొక్కే క్షణంలో కళ్లు మూసుకునేవాడి గురి అంగుళాల్లో కాదు, అడుగుల్లోనే తప్పుతుంది. అమెరికా పశ్చిమాన లోయ అవతలి గట్టు మీద నిలబడ్డ ఎల్క్ జింకను కొట్టేవాడికి మ్యాగ్నమ్ పనికొస్తుంది, కాదనను. మన అడవిలో పొద చాటు నుంచి ముప్పై గజాల్లో కనిపించే జంతువుకు అదెందుకు?

మ్యాగ్నమ్ తూటా అడుగున ఇత్తడి పట్టీ ఒకటుంటుంది. దాని కథ మరీ తమాషా. లండన్ హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో .375 మ్యాగ్నమ్ చేసినప్పుడు, అప్పటి మందు కార్డైట్ సేమ్యా పుల్లల్లా ఉండేది. అందుకని ఇత్తడి గొట్టాన్ని పొడుగ్గా, ఏటవాలుగా సాగదీశారు. ఏటవాలు గొట్టం తుపాకీ లోపల సరైన చోట ఆగాలంటే పట్టీ తప్పనిసరి. తర్వాతి అమెరికన్ మ్యాగ్నమ్‌లలో చాలావాటికి గొట్టం మెడ దగ్గర సన్నబడే భుజం నిటారుగానే ఉంది, పట్టీతో పని లేదు. అయినా అది ఉంటేనే మ్యాగ్నమ్ అని కొనేవాళ్లు నమ్మారు, అమ్మేవాళ్లు వదల్లేదు. 2001లో వచ్చిన .300 విన్‌చెస్టర్ షార్ట్ మ్యాగ్నమ్‌కు ఆ పట్టీ లేదు, లోటూ తెలియలేదు.

నిజంగా మారింది గుండు. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలో .300 మ్యాగ్నమ్‌తో మూస్ దుప్పిని కొడితే, ఆ వేగానికి గుండు పైపైనే చితికిపోయింది, లోపలికి దిగలేదు. ఆయన ఇంటికెళ్లి, మధ్యలో అడ్డుగోడ ఉన్న గుండు తయారు చేశాడు. ముందు భాగం విచ్చుకున్నా వెనక భాగం దూసుకుపోతుంది. 1948లో అమ్మకానికొచ్చిన ఆ గుండును పాత .275లో పెట్టినా అంతే బాగా పనిచేస్తుంది.

మన దేశపు చట్టం కూడా ప్రపంచంలోని తూటాల్ని మార్చింది. ప్రభుత్వ మార్టినీ-హెన్రీ తుపాకుల గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయంతో 1907 ప్రాంతంలో బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ .450 బోరును నిషేధించారు. లండన్ కంపెనీలు ఆ మార్కెట్ వదులుకోలేక .470, .465 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. సైన్యం వాడే .303 కూడా పౌరులకు దక్కలేదు. దాని బదులుగా వచ్చిన .315ను స్వాతంత్ర్యం తర్వాత ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారు చేసింది. లైసెన్సు ఉన్న చాలా ఇళ్లలో ఇప్పటికీ కనిపించేది అదే.

హైదరాబాద్ బొలారంలో 1910లో పుట్టిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది విన్‌చెస్టర్ .405. అది 1904 నాటి తూటా, 300 గ్రెయిన్ల బరువైన గుండు, వేగం సెకనుకు 2,200 అడుగులే. తిరుపతి దగ్గరి మామండూరు అడవుల్లోనూ, నల్లమలలోనూ ఆయన దాంతోనే తిరిగాడు. అది కూడా మ్యాగ్నమ్ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేటకు కాలం చెల్లింది. ఆ మామండూరు ఇప్పుడు శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఉంది. అక్కడికి కెమెరాతో మాత్రమే వెళ్లండి.