ఆర్‌స్టూడియో తెరవగానే పాత డేటా వచ్చేస్తోందా? కారణం ఈ ఫైలే!

మీరు ఏ ఫైలూ తెరవలేదు. అయినా ఆర్‌స్టూడియో ఓపెన్ చేయగానే నిన్నటి టేబుళ్లన్నీ మెమరీలో ప్రత్యక్షం. ఇది వైరస్ కాదు, ఆర్ లాంగ్వేజ్‌కు మొదటి నుంచీ ఉన్న అలవాటు. తేలిగ్గా తీసుకుంటే మాత్రం లెక్కలు తారుమారవుతాయి.

ఉదాహరణకు టెక్కలిలో ఓ ఇంజినీరింగ్ విద్యార్థి ఉద్దానం కిడ్నీ సమస్యపై ప్రాజెక్టు చేస్తున్నాడనుకుందాం. నిన్న కవిటి మండలం క్రియాటినిన్ వివరాలను 'డేటా' అనే పేరుతో లోడ్ చేశాడు. ఇవాళ వజ్రపుకొత్తూరు ఫైల్‌ను అదే పేరుతో తెరవబోయాడు. ఫైల్ పేరులో ఒక్క అక్షరం తప్పు పడింది. ఎర్రర్ వచ్చినా చూసుకోకుండా కింది లైన్లు రన్ చేసుకుంటూ పోయాడు. ఆర్ ఆగదు. మెమరీలో ఉన్న కవిటి టేబుల్‌తోనే సగటు కట్టేస్తుంది. గ్రాఫ్ మీద పేరు వజ్రపుకొత్తూరు, లోపల అంకెలు కవిటివి! చూసేవారికి అనుమానమే రాదు.

అసలేం జరుగుతోందంటే.. ఆర్ మూసేటప్పుడు వర్క్‌స్పేస్ సేవ్ చేయాలా అని అడుగుతుంది. ఎస్ అంటే మెమరీలో ఉన్నవన్నీ 'డాట్ ఆర్‌డేటా' అనే ఫైల్‌లోకి వెళ్తాయి. మళ్లీ అదే ఫోల్డర్ నుంచి ఆర్ మొదలైతే అడక్కుండానే లోడ్ అయిపోతాయి. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మ్యాక్, లినక్స్‌లలో ఆ ఫైల్ మామూలుగా కనిపించదు. కన్సోల్‌లో 'వర్క్‌స్పేస్ లోడెడ్ ఫ్రమ్' అని కనిపిస్తే ఇదే కారణం.

చాలామంది చీపురు గుర్తు నొక్కి తుడిచేస్తుంటారు. అది ఆ పూటకే. డిస్క్‌లో ఆ ఫైల్ అలాగే ఉంటే రేపు మళ్లీ ఇదే తంతు.

టూల్స్‌లో గ్లోబల్ ఆప్షన్స్, అందులో జనరల్‌కు వెళ్లండి. స్టార్టప్‌లో డాట్ ఆర్‌డేటా రిస్టోర్ చేయాలన్న చోట టిక్ తీసేయండి. దాని కిందే, మూసేటప్పుడు సేవ్ చేయాలా అన్న చోట 'నెవర్' పెట్టండి. ప్రాజెక్ట్‌గా తెరిచేవారు ప్రాజెక్ట్ ఆప్షన్స్ కూడా చూడాలి, అక్కడ 'ఎస్' ఉంటే ఈ మార్పు పనిచేయదు. అప్పటికీ ఆగకపోతే 'డాట్ ఆర్‌ప్రొఫైల్' ఫైల్‌లో ఎవరైనా లోడ్ కమాండ్ రాశారేమో వెతకండి.

ఇక రిపోర్ట్ ఇచ్చే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే ఆర్ రీస్టార్ట్ అవుతుంది. ఖాళీ మెమరీతో స్క్రిప్ట్‌ను పైనుంచి రన్ చేయండి. ఎక్కడైనా 'ఆబ్జెక్ట్ నాట్ ఫౌండ్' అని వచ్చిందంటే, ఇన్నాళ్లూ ఆ లైన్ పాత డేటాతోనే నడిచిందన్నమాట.