నకల్ ఘడీల తారీఖ్

మా అబ్బా చాలీస్వా అయిపోయాక అల్మారీలోంచి ఆయన ఘడీ తీశాను. ఆగిపోయి ఉంది. 1984లో మా చిన్న మామూ సౌదీ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిన తోఫా అది. డయల్ మీద ఒక పెద్ద స్విస్ కంపెనీ పేరు, కింద '17 జ్యువెల్స్' అని సన్నటి రాత. మా మొహల్లాలో అలాంటి ఘడీ అప్పట్లో ఇంకెవరికీ లేదు. ఈద్ నమాజుకు వెళ్ళేటప్పుడు అబ్బా షేర్వానీ చెయ్యి కాస్త పైకి జరిపి టైం చూసుకునేవారు. టైం తెలియక కాదు.

రిపేరుకు ఇస్తే ఘడీసాజ్ వెనక మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకోకముందే నవ్వాడు. లోపల ఉన్నది పేరూ ఊరూ లేని చౌక మిషన్. పదిహేడు రాళ్ళని రాసిన చోట ఉన్నది ఒకే రాయి. 'నకిలీ హై భాయ్' అన్నాడు. ఆ రోజు ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు గానీ, ఆ తర్వాత నాకు ఒక వింత షౌఖ్ పట్టుకుంది. నకల్ ఘడీలు ఎక్కడ కనబడినా ఆగి చూస్తాను. జుమేరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ సంతలో, పాత సామాను దుకాన్లలో ఏరుకున్నవి ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి. 'అసలు ఘడీ కొనలేక నకిలీలు పోగేస్తున్నావా' అని ఆఫీసులో దోస్తులు ఎగతాళి చేస్తారు. అందులో కొంత నిజం ఉంది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. మాటల దగ్గర ఆగడం ఆదత్ అయిపోయింది. అసల్, నకల్ రెండూ అరబీ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చి తెలుగులో అసలు, నకలు అయ్యాయి. తహసీల్ ఆఫీసుకు వెళ్ళి పహాణీ నకలు అడుగుతాం. దాని మీద మొహరు వేసి, దస్తఖత్ పెట్టి ఇస్తారు. తాను అసలు కాదని ఆ కాగితమే చెప్పుకుంటుంది, అందుకే దానికి ఇజ్జత్. అదే కుటుంబంలో పుట్టిన నకిలీ మాత్రం జైలుకు పంపించే మాట. ఘడీల తారీఖ్ మొత్తం ఈ రెండు మాటల మధ్యే నడిచింది. (తెలుగులో తారీఖు అంటే తేదీ వరకే. ఉర్దూలో చరిత్ర కూడా అదే.)

నకిలీ ఘడీలంటే చైనా గుర్తొస్తుంది మనకు. కానీ ఈ ధంధా మూడు వందల ఏళ్ళ కిందట, చైనాకు బహుత్ దూరంగా మొదలైంది. అప్పట్లో ఘడీ అంటే లండన్. 1698లో ఇంగ్లండ్ పార్లమెంటు ఒక కానూన్ చేసింది: ఘడీ మీద తయారు చేసినవాడి పేరు, ఊరి పేరు చెక్కి ఉండాలి. మంచి ఉద్దేశంతోనే చేశారు. అయితే పేరు చెక్కడం మొదలయ్యాక పేరుకే ధర వచ్చింది. ధర వచ్చినదాన్ని దొంగలు వదలరు కదా. 1704 నాటికే లండన్ ఘడీసాజ్‌ల సంఘంలో షికాయత్ నమోదైంది: ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు తమ ఘడీల మీద థామస్ టాంపియన్, డేనియల్ క్వేర్ లాంటి లండన్ ఉస్తాదుల పేర్లు చెక్కి అమ్ముతున్నారని.

టాంపియన్ గురించి ఒక కిస్సా చెబుతారు. ఒకాయన తన ఘడీ పాడైందని ఆయన దగ్గరికి తెచ్చాడట. దాని మీద టాంపియన్ పేరే ఉంది, చేసింది మాత్రం టాంపియన్ కాదు. సుత్తె తీసుకుని దాన్ని అక్కడికక్కడే పగలగొట్టి, తన చేత్తో చేసిన ఘడీ ఒకటి ఇచ్చి, ఇదీ నేను చేసినది అన్నాడట. కిస్సా నిజమో కాదో వదిలేయండి. నాకు ఆ గిరాకీ మొహమే కళ్ళ ముందు కనబడుతుంది. మా ఘడీసాజ్ ముందు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. నాకు మాత్రం కొత్త ఘడీ ఎవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాత పద్దెనిమిదో శతాబ్దంలో వేలకొద్దీ ఘడీలు 'లండన్' అనే మాట మోసుకుని యూరప్ అంతా తిరిగాయి. కలెక్టర్లు వీటిని 'డచ్ ఫోర్జరీలు' అంటారు. డయల్ మీద నిమిషాల గీత చిన్న చిన్న కమానుల్లా వంపులు తిరిగి ఉంటుంది, అది డచ్చివాళ్ళ ఫ్యాషన్. లండన్ ఘడీసాజ్ అలా గీయడు. కొన్నింటి మీద 'జాన్ విల్టర్, లండన్' అని ఉంటుంది. రెబెకా స్ట్రథర్స్ అనే బ్రిటిష్ ఘడీసాజ్ ఈ దొంగ ఘడీల మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. ఒకప్పుడు చీకట్లో అమ్ముడైన ఈ సరుకు ఇప్పుడు మ్యూజియం అద్దాల వెనక ఉంది. వీటివల్ల ఒక మేలు కూడా జరిగింది. పనిని పదిమంది చేతులకు పంచి, నాణ్యం తగ్గించి చౌకగా చేయడంతో నవాబులకు తప్ప దొరకని ఘడీ మామూలు దుకాన్‌దార్ జేబులోకి వచ్చింది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఉస్మానియా సల్తనత్‌ది. సుల్తాన్ల ఇస్తాంబుల్‌లో రోజు మగ్రిబ్‌తో మొదలయ్యేది. సూర్యుడు మునిగిన క్షణానికి ఘడీలో సరిగ్గా పన్నెండు కావాలి. సూర్యాస్తమయం రోజూ ఒకే వేళకు ఉండదు కాబట్టి ఘడీ ముల్లును ఎప్పటికప్పుడు సరిదిద్దుకోవాలి. దాన్ని అజానీ టైం అనేవారు. పెద్ద మస్జిదుల పక్కన మువక్కిత్‌ఖానాలు ఉండేవి. నమాజు వేళలు లెక్కకట్టే మువక్కిత్ అక్కడ కూర్చునేవాడు, దారిన పోయేవాళ్ళు ఆగి తమ జేబు ఘడీ సరిచేసుకునేవారు. ఇంత వక్త్ పాబందీ ఉన్న సమాజానికి ఘడీ ఎంత అవసరమో ఊహించండి. పదహారో శతాబ్దంలో తఖీయుద్దీన్ అనే ఆలిం యాంత్రిక ఘడీల మీద అరబీలో కితాబ్ రాశారు. హునర్ లేక కాదు, కార్ఖానాలు పెరగలేదు. సరుకు బయటినుంచే వచ్చింది. గలతా మొహల్లాలో జెనీవా ఘడీసాజ్‌లు బస్తీ కట్టుకుని ఉండేవారు. ఫిలాసఫర్ రూసో వాళ్ళ నాన్న కూడా కొన్నేళ్ళు అక్కడ సుల్తాన్ మహల్‌కు ఘడీసాజ్‌గా పనిచేశాడు.

లండన్‌వాళ్ళు ఈ బజార్ కోసం ప్రత్యేకంగా ఘడీలు చేశారు. మార్క్‌విక్ మార్కమ్, జార్జ్ ప్రయర్, ఎడ్వర్డ్ ప్రయర్ పేర్లు అక్కడ ఇంటింటా తెలుసు. డయల్ మీద మన అరబీ అంకెలు, నేను ఒకటో తరగతిలో పలక మీద దిద్దిన అంకెలే. ఒకదాని మీద ఒకటి మూడు కేసులు, కొన్నిటికి పైన తాబేటి చిప్పతో నాలుగోది. ఆ నాలుగో కేసు చాలాసార్లు అక్కడి తుర్కీ కారిగర్లే తొడిగేవారు. చదువుతుంటే ఉల్లిపాయ పొరలు గుర్తొచ్చాయి నాకు.

తర్వాత ఏం జరిగిందో మీరే చెప్పగలరు. పంతొమ్మిదో శతాబ్దంలో స్విస్ ఘడీల మీద కూడా 'ప్రయర్, లండన్' వెలిసింది. తుర్కీ గిరాకీకి ఇంగ్లిష్ చదవడం రాదు, ఆ అక్షరాల ఆకారం మాత్రం తెలుసు. ఆ ఆకారాన్నే అమ్మారు. ఇవాళ వేలంలో ప్రయర్ పేరుతో ఘడీ వస్తే జానకార్లు ముందు అడిగేది ఇది లండన్ ప్రయరా, స్విస్ ప్రయరా అని. 1926 జనవరి 1 నుంచి తుర్కీ యూరప్ టైంకు మారిపోయింది. మగ్రిబ్‌కు పన్నెండు కొట్టే ఘడీలు అసలైనా నకిలీ అయినా ఒకే రోజున పాతబడిపోయాయి.

స్విస్‌వాళ్ళు ఇంగ్లిష్ పేర్లతో ఆగలేదు. అమెరికాలో వాల్తమ్ కంపెనీ మిషన్ల మీద ఘడీలు చేసి పేరు తెచ్చుకుంటే, అచ్చం అమెరికన్ ఘడీల్లా కనబడేవి చేసి అమెరికాకే పంపారు. 1879లో తమ ట్రేడ్‌మార్క్ కానూన్ చేసుకున్నారు. 'స్విస్ మేడ్' అని ఎవరు రాసుకోవచ్చో తేల్చే నియమం 1971లో వచ్చింది. ఇవాళ నకిలీల మీద అందరికంటే గట్టిగా గొంతెత్తేది వాళ్ళే. తప్పని అనను. వాళ్ళ తాతల బహీఖాతా కూడా ఒకసారి తిరగేయాలి అంటాను.

ప్యారిస్‌లో అబ్రహాం లూయీ బ్రెగే అనే ఉస్తాద్ సుత్తె పట్టుకోలేదు. 1795 ప్రాంతంలో డయల్ మీద పన్నెండు అంకె దగ్గర వజ్రపు మొనతో కంటికి ఆనని దస్తఖత్ గీయడం మొదలుపెట్టాడు. ఘడీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేనే అది కనబడుతుంది. రెండు వందల ఏళ్ళ తర్వాత రోలెక్స్ కూడా అదే దారి పట్టింది. ఇప్పుడు వాళ్ళ ఘడీ అద్దంలో ఆరు అంకె దగ్గర లేజర్‌తో గీసిన చిన్న కిరీటం ఉంటుంది, వెతికితే గానీ దొరకదు. నా దగ్గరున్న నకిలీలో అది దూరం నుంచే కనబడుతుంది. నకిలీకి సిగ్గు తక్కువ.

ఈ బ్రెగే ఘడీల్లో అన్నిటికంటే మశ్‌హూర్ అయినది ఫ్రాన్స్ రాణి మేరీ ఆంత్వానెత్ పేరు మీద 1783లో మొదలైన 160వ నంబరు. రాణిని 1793లో చంపేశారు, బ్రెగే 1823లో పోయాడు, ఘడీ పూర్తయింది 1827లో. ఎన్నో చేతులు మారి చివరకు జెరూసలేంలోని ఎల్.ఏ. మేయర్ ఇస్లామీ కళల మ్యూజియంకు చేరింది. సుల్తాన్ల కాలపు ఇస్లామీ కళాఖండాల పక్కన ఫ్రాన్స్ రాణి ఘడీ! 1983 ఏప్రిల్‌లో ఒక రాత్రి దొంగ వచ్చి నూటికి పైగా ఘడీలతో పాటు దాన్నీ ఎత్తుకెళ్ళాడు. ఇరవై ఏళ్ళు గడిచినా జాడ లేదు. అప్పుడు బ్రెగే కంపెనీయే పాత నక్షాలు, కాగితాలు ముందు పెట్టుకుని దాని నకల్ తయారు చేయడం మొదలుపెట్టింది. పని నడుస్తుండగానే 2007లో అసలు ఘడీ దొరికింది! అయినా పని ఆపలేదు. 2008లో నకల్‌ను లోకానికి చూపించారు. దాని నంబరు 1160. అసలు నంబరు ముందు ఒక ఒకటి. తాను ఎవరి నకలో అది తన నంబరుతోనే చెప్పుకుంటుంది. తహసీల్ ఆఫీసు మొహరు లాంటిదే ఇది.

మన దేశం సంగతి తొందరగా చెబుతాను. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్.ఎం.టి. ఘడీలు మొదలయ్యాయి. అవి చాలక, దిగుమతుల మీద ఆంక్షలుండి, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో విదేశీ ఘడీలు దిగేవి. స్మగ్లింగ్ సరుకుకు రసీదు ఉండదు. రసీదు లేని చోట నకిలీకి పండగ. ఇప్పుడు పాత సీకో, హెచ్.ఎం.టి. ఘడీల డయల్ చెరిపేసి ఎరుపు, నీలం రంగులు పూసి మళ్ళీ అమ్ముతున్నారు. లోకంలోని కలెక్టర్లు వాటికి 'ముంబై స్పెషల్' అని పేరు పెట్టారు. నా తొమ్మిదింటిలో నాలుగు అవే. మిషన్ అసలు, మొహం నకిలీ.

ఈ షౌఖ్ జాయజేనా అని మా బేగం అడిగింది. 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం ప్రకారం దొంగ ముద్ర వేసిన సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. కాబట్టి దుకాన్లో కొత్త నకిలీలు కొనడం మానేశాను. ఉన్నవాటి వెనక మూత లోపల సన్నటి కాగితం మీద 'నకల్' అని ఉర్దూలో, తెలుగులో రాసి పెట్టాను. నాకు తెలిసి పెట్టుకుంటే ధోకా ఎవరికి అని కొందరు కలెక్టర్లు అంటారు. ఘడీ మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. నా తర్వాత అల్మారీ తెరిచేవాళ్ళకు ఎవరు చెబుతారు?

అబ్బా ఘడీలో మాత్రం కాగితం పెట్టలేదు. ఆ రోజు ఘడీసాజ్ ఇంకో మాట కూడా అన్నాడు. 'మీ అబ్బా మూడుసార్లు దీన్ని నా దగ్గరే సాఫ్ చేయించుకున్నారు. మొదటిసారే చెప్పాను. ఇంట్లో ఎవరికీ చెప్పకు, మా సాలాకు బాధ కలుగుతుంది అన్నారు.' అంటే దాదాపు ముప్పై ఏళ్ళు తెలిసే పెట్టుకున్నారు. తెలిసే ఈద్‌కు షేర్వానీ చెయ్యి పైకి జరిపారు.

పోయిన బక్రీద్‌కు మామూ ఇంటికి వచ్చారు. డెబ్బై దాటాయి. నా చేతికున్న ఘడీ చూసి చెయ్యి పట్టుకున్నారు.

'దూలాభాయ్ ఘడీ కదా ఇది? నెలన్నర జీతం పెట్టి కొన్నా బేటా, జిద్దాలో. ఇంకా నడుస్తోందా?'

'నడుస్తోంది మామూ. రోజుకు ఐదు నిమిషాలు ముందుకు పోతుంది, అంతే.'

'స్విస్ ఘడీ అట్లా పోగూడదే' అన్నారు మామూ, చెవి దగ్గర పెట్టుకుని వింటూ. 'మంచి ఘడీసాజ్‌కు చూపించు.'